మబ్బుచిరుత తల ఎటు ఉండాలి?

ఈ సంగతి ఇప్పుడైనా రాసి పెట్టకపోతే అబద్ధమే నిజమై కూర్చునేలా ఉంది. పోయిన వేసవిలో మా శాఖా గ్రంథాలయంలో పిల్లలకి చదువుకునే శిబిరం పెట్టారు. నన్ను కూడా పిలిచి, వేదిక మీద (వేదికంటే రెండు బల్లలు కలిపి దుప్పటి పరిచినది) కూర్చోబెట్టి, "వీరు పుస్తకంలో చదివిన విజ్ఞానంతో ఒక బొమ్మ గీసి, ఆ బొమ్మతో కోతుల్ని తరిమి, వాళ్ళ పెద్దమ్మగారి మామిడితోటని కాపాడారు" అని పరిచయం చేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని వినయంగా నవ్వాను. ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే ఆ నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. బొమ్మ గీసింది నేనే. పుస్తకం చదివిందీ నేనే. తోట దక్కిందీ నిజమే. ఈ మూడు నిజాల్నీ కలిపి కుట్టిన కథ మాత్రం నిజం కాదు. అసలు జరిగింది తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా పెద్దమ్మా. "నేను చెప్పనురా, నీ పరువు నీ ఇష్టం" అంది పెద్దమ్మ. అందుకని నేనే చెప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో నేను ప్రపంచంలో ఉన్న విషయాలన్నీ తెలుసుకునే పనిలో ఉండేవాణ్ణి. ఇరవై ఏళ్ళు. ఇంటర్ తర్వాత చదువు మానేశాను (చదువే వీణ్ణి మానేసింది అనేవాడు మా నాన్న). నూజివీడులో బోర్డులు రాసే మాస్టారి దగ్గర రెండేళ్ళు కుంచె పని నేర్చుకున్నాను. నేను పూర్తిగా నేర్చుకునేసరికి ఊళ్ళోకి ఫ్లెక్సులు దిగాయి. మాస్టారు కుంచెలు కిరసనాయిల్లో కడిగి, అటక మీద పెట్టి, టీ కొట్టు పెట్టుకున్నాడు. నాకు టీ పెట్టడం కూడా రాదు. అందుకని పొద్దున ఎనిమిదింటికి లైబ్రరీ తలుపు తీసే వేళకి మెట్ల మీద ఉండేవాణ్ణి. పదకొండింటికి లైబ్రరీ మేడమ్ తాళం తీసుకుని నా బల్ల దగ్గర నిలబడి "ఏమయ్యా, పుస్తకం ఎక్కడికీ పారిపోదు, సాయంత్రం వద్దువుగాని" అనేదాకా లేచేవాణ్ణి కాదు. చదవడంతో ఊరుకుంటే బాగానే ఉండేది. చదివినది చదివినట్టు ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం అరిగేది కాదు. ఆవకాయ కలుపుతున్న మా పెద్దమ్మ దగ్గర కూర్చుని, మిరపకాయ అసలు మనది కాదనీ, సముద్రాలు దాటి వచ్చిందనీ చెప్పాను. పెద్దమ్మ నూనె చేతులతోనే నా వంక చూసి, "అట్లాగా. అయితే ఇవాళ నీకు పెరుగన్నమే" అంది. అన్నట్టే పెట్టింది.

పెద్దమ్మ వాళ్ళది నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో చిన్న ఊరు. ఊరి బయట నాలుగెకరాల రసాల తోట. ఏటా ఆ తోట కాపుని మా పెద్దనాన్న పూత మీదే అమ్మేసేవాడు. అంటే చెట్టు పూతలో ఉండగానే ఒక వ్యాపారి వచ్చి, అంచనా వేసి, ఇంతని మాట్లాడుకుని తోట తీసుకుంటాడు. ఆ తర్వాత కాపలా, కోత, అమ్మకం అన్నీ అతనివే. ఎప్పుడూ మెడలో పచ్చ కండువాతో తిరిగే ఒకాయనే ఏళ్ళ తరబడి తీసుకునేవాడు, మేం ఆయన్ని కండువా గారు అనేవాళ్ళం. పెద్దమ్మకి ఇది ఎప్పుడూ కడుపుమంటే. "మొక్కప్పుడు బిందెలతో నీళ్ళు మోసింది నేను. కాయ కోసేటప్పుడు గట్టు మీద నిలబడి చూసేది కూడా నేనేనా?" అనేది. ఆ ఏడు ఆవిడ గట్టిగా పట్టు పట్టింది. తోట అమ్మడానికి వీల్లేదు, మనమే కాపలా పెట్టుకుని, మనమే కోయించి, మనమే మార్కెట్టుకి పంపుదాం అంది. పెద్దనాన్న తక్కువ మాట్లాడే మనిషి. చుట్ట ఆర్పి, "సరే. ఈ ఒక్క ఏడు చూద్దాం. తేడా వస్తే మళ్ళీ ఎత్తకూడదు ఆ మాట" అన్నాడు. కండువా గారు నవ్వుతూ, "అక్కయ్యగారూ, నేనెక్కడికీ పోను. మధ్యలో బరువనిపిస్తే ఒక్క కబురు పెట్టండి, ఉన్నపళంగా తీసేసుకుంటానండీ" అని చెప్పి వెళ్ళాడు. వెళ్ళాడన్న మాటే గానీ రోజూ సాయంత్రం ఆ దారినే బండి మీద వెళుతూ తోట వంక ఒక చూపు విసిరేవాడు.

కాయ నిమ్మకాయంత అయ్యేసరికి మైలవరం వైపు కొండల నుంచి కోతులు దిగాయి. అవి తిన్నా బాధ లేదండీ. ఒక కాయ కొరుకుతాయి, పులుపు తగిలితే పారేస్తాయి, పక్క కాయ తీపేమోనని మళ్ళీ కొరుకుతాయి. కోతికి నిరాశ అనేది ఉండదు. పక్క తోట వాళ్ళు పెద్దపులి ఫ్లెక్సు కట్టారు. రెండు రోజులు దూరంగా ఉన్నాయి. మూడో రోజు ఆ ఫ్లెక్సు నీడలోనే కూర్చుని కాయలు తిన్నాయి. అయినా పెద్దమ్మ నన్ను పిలిచి, "ఒరేయ్, రెండేళ్ళు రంగులు కలిపావు కదా, మనకీ ఒక పులిని గీసి పెట్టు, ఫ్లెక్సు కంటే చెక్క నయం" అంది.

ఎవరైనా అయితే పులిని గీసి పెట్టి, భోజనం చేసి, ఇంటికి పోయేవాడు. నేను మర్నాడు లైబ్రరీకి పోయాను. అక్కడ అడవి పిల్లి జాతుల గురించి ఒక లావాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయి, నేను తప్ప ఎవరూ తియ్యని పుస్తకం. నిఘంటువు పక్కన పెట్టుకుని వారం చదివాను. చదివిన కొద్దీ ఊరివాళ్ళ అజ్ఞానానికి జాలేసింది. పెద్దపులి నేల మీద తిరిగే జంతువు. కోతి కొమ్మ మీద తిరిగే జంతువు. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఎందుకు భయపడాలి? కోతికి కావలసిన శత్రువు చెట్టు మీదే బతికేది. ఆ పుస్తకంలో దొరికింది నాకు: ఒళ్ళంతా మబ్బుతునకల్లాంటి మచ్చలు, ఒంటికి సమానంగా పొడవైన తోక, కొమ్మల్లో కోతుల్ని వేటాడే చిరుత. మన దేశంలోనే, ఈశాన్యపు కొండల్లో ఉంటుంది. తెలుగులో దానికి ఏ పేరుందో తెలియక నేనే మబ్బుచిరుత అని పెట్టుకున్నాను. దాని అసలు గొప్ప ఇంకొకటి ఉంది. మామూలు పిల్లి చెట్టు ఎక్కుతుంది గానీ దిగేటప్పుడు తంటాలు పడి వెనక్కి వెనక్కి దిగుతుంది. ఇది మాత్రం వెనక కాళ్ళ చీలమండలు తిప్పి బెరడుని పట్టుకుని, తల కిందికి పెట్టి, ఉడత దిగినట్టు దిగుతుంది. అది చదివిన రోజు నేను సైకిల్ మీద పెద్దమ్మ వాళ్ళ ఊరు ఎలా చేరానో నాకు గుర్తులేదు.

"మబ్బుచిరుతా? అది మన కోతులు ఎప్పుడైనా చూశాయా?" అంది పెద్దమ్మ.

"చూడనక్కర్లేదు పెద్దమ్మా. భయం వాటి రక్తంలో ఉంటుంది."

"నీ రక్తంలో ఏముందో గానీ, ఆ పులేదో త్వరగా గీసిపెట్టు నాయనా."

హనుమాన్ జంక్షన్ నుంచి ప్లైవుడ్ షీటు తెచ్చి, చిరుత ఆకారంలో కోయించి, రెండు వైపులా రంగులు వేశాను. తొమ్మిది రోజులు పట్టింది. ఒక్కో మచ్చ అంచు నల్లగా, లోపల బూడిద రంగుగా, పుస్తకంలో ఎలా ఉందో అలాగే. ఆ బొమ్మ ఇప్పటికీ నా చేతి మీదుగా వచ్చిన పనుల్లో మంచిదే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. తోట మధ్యలో ఉన్న పెద్ద రసాల చెట్టు మానుకి, నిచ్చెన వేసుకుని, తాళ్ళతో కట్టాను. తల కిందికి, తోక ఆకాశంలోకి. దిగి దూరంగా నిలబడి చూసుకుంటే నిజంగా ఇప్పుడే దిగి వస్తున్నట్టుంది. పెద్దనాన్న కూడా వచ్చి చూశాడు. చాలాసేపు చూసి, "శీర్షాసనం వేసిందేంట్రా?" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం లైబ్రరీ మూసేశాక తోటకి వెళ్ళి చూస్తే, చిరుత తల పైకి ఉంది. తోక కింద వేలాడుతోంది. గాలికి తాడు జారి తిరిగిందేమో అనుకున్నాను (అంత బరువు చెక్కని తిప్పే గాలి వస్తే చెట్టుకి కాయ ఉండదన్న ఆలోచన నాకు రాలేదు). నిచ్చెన వేసి మళ్ళీ తల కిందికి కట్టాను. మర్నాడు మళ్ళీ పైకి. ఈసారి మానుకి కాక పక్క కొమ్మకి. నేను కిందికి తిప్పాను. ఇలా నాలుగు రోజులు గడిచాక గాలి మీద అనుమానం పోయి మనుషుల మీదికి మళ్ళింది. ఐదో రోజు లైబ్రరీ మానేసి (మేడమ్ తర్వాత నాకు జ్వరమేమోనని అడిగింది) తెల్లవారే వెళ్ళి చెట్టు చాటున నిలబడ్డాను. నిచ్చెన భుజాన వేసుకుని వచ్చినవాడు ఈల తాత.

ఈల తాత ఆ తోట కాపలాదారు. నోట్లో రెండు వేళ్ళు పెట్టి ఈల వేస్తే రెండు తోటల అవతల చిలకలు లేచిపోయేవి. ఆ ఏడు కింది పన్ను ఒకటి ఊడి ఈల కాస్త గాలిపోయింది. కోతులు దాన్ని లెక్కచేయడం మానేశాయి. ఆ బాధ ఆయనకి ఉంది. పెద్దమ్మ ఆయన్ని నమ్మి తోట నిలబెట్టుకుంది, ఆ భయమూ ఉంది. నిచ్చెన ఎక్కి, తాళ్ళు విప్పి, నా చిరుతని పసిపిల్లని తిప్పినట్టు జాగ్రత్తగా తిప్పుతుంటే నేను చెట్టు చాటు నుంచి బయటికి వచ్చాను.

"తాతా! రోజూ నువ్వేనా?"

ఆయన ఉలిక్కిపడలేదు. తాడు ముడి వేయడం పూర్తి చేసి, దిగి, తలపాగా సర్దుకుని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా బాబూ. ఎవరన్నా వింటారు. మీరు తిరగేసి కట్టిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మగారికి కూడా చెప్పలేదు. కుర్రతనం, తొందరలో కట్టుంటారు. నలుగురూ నవ్వకముందే సరిచేసేద్దామని చీకటితోనే వస్తన్నాను."

నాకు కోపం వచ్చింది. పైగా ఆయన అన్నది దయతో అన్నాడు కాబట్టి ఆ కోపానికి చోటు లేకుండా పోయింది. "అది తిరగేసి కట్టింది కాదు తాతా. ఆ జంతువు చెట్టు దిగడమే అలా దిగుతుంది. పుస్తకంలో ఉంది" అన్నాను.

"బాబూ, కోపం తెచ్చుకోకండి. గబ్బిలాన్ని వదిలెయ్యండి. మిగతా ఏ జీవం తల కిందులుగా కనబడినా అది చచ్చిందని లెక్క. కోడిని కాళ్ళు కట్టి వేలాడేసుకుని తీసుకుపోరా? చచ్చిన పులికి కోతి భయపడుద్దా?"

"చచ్చింది కాదు, దిగుతోంది!"

"దిగుతుంటే కింద పడుద్ది."

"పడదు. దాని చీలమండలు తిరుగుతాయి."

ఈల తాత నా కాళ్ళ వంక చూశాడు, తన కాళ్ళ వంక చూసుకున్నాడు, నిచ్చెన ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ మర్నాడు కూడా చీకటితోనే వచ్చి చిరుత తల పైకి పెట్టాడు. అదొక యుద్ధమైంది. పొద్దున ఆయన తిప్పేవాడు, మధ్యాహ్నం నేను తిప్పేవాణ్ణి. విప్పి కట్టిన ప్రతిసారీ తాడు ఎక్కడ అందితే అక్కడ ముడి పడేది కాబట్టి బొమ్మ ఒకసారి మాను మీద, ఒకసారి కొమ్మ మీద, ఒకసారి విస్సన్నపేట వైపు చూస్తూ, ఒకసారి బావి వైపు చూస్తూ ఉండేది. సాయంత్రం కండువా గారు బండి ఆపి, "అక్కయ్యగారూ, మీ పులికి కళ్ళు తిరుగుతున్నాయేమోనండీ, కాస్త నిమ్మరసం పట్టించండి" అని నవ్వేవాడు. పెద్దమ్మ నవ్వేది కాదు. తోటలో ఒక్క కాయ రాలలేదు. నెల రోజులు! కోతులు పక్క తోట గట్టు దాకా వచ్చి, మా వైపు చూసి, గుంపుగా కూర్చుని ఏదో మాట్లాడుకుని, వెళ్ళిపోయేవి. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. మబ్బుచిరుత, దాని మచ్చలు, కోతి రక్తంలో ఉన్న భయం, అన్నీ ఊరంతా చెప్పాను. ఈల తాత కూడా తల పైకి పెట్టడం వల్లే పని చేస్తోందని తన వంతు చెప్పుకున్నాడు.

అదే నాకు భరించరానిదైంది. తోట దక్కడం కాదు, ఎందుకు దక్కిందో అందరికీ సరిగ్గా తెలియాలి. లైబ్రరీ మేడమ్‌ని బతిమాలాను. ఆ పుస్తకం బయటికి ఇచ్చేది కాదు. "మామిడిపండు మరక ఒక్కటి పడినా నీ సభ్యత్వం రద్దు" అని, రెండు దినపత్రికలు చుట్టి, ఒక్కరోజుకి ఇచ్చింది. ఈల తాత ముందు దాన్ని విప్పాను. ఆయన బావి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుని, తలగుడ్డతో తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. చదువు రాకపోయినా పుస్తకం అంటే అంత మర్యాద. చిరుత దిగుతున్న ఫొటో చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఈ ఫొటో తీసినాయన కెమెరా సరిగ్గానే పట్టుకున్నాడంటారా?"

"తాతా!"

"కోప్పడకండి, అడుగుతున్నాను." పుస్తకాన్ని రెండు చేతులతో ఎత్తి తలకిందులు చేశాడు. ఇప్పుడు చిరుత తల పైకి వచ్చింది. ఆయన ముఖం వెలిగింది. ఒక్క క్షణమే. వేలు తాకకుండా పేజీ పై అంచు వైపు చూపిస్తూ, "గడ్డి పైకొచ్చిందే..." అన్నాడు. పుస్తకాన్ని మళ్ళీ మామూలుగా తిప్పాడు. గడ్డి కిందికి, చిరుత తలా కిందికి. ఇంకోసారి తిప్పి చూశాడు. తర్వాత పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని, నా చేతికిచ్చాడు. "నాదే తప్పు బాబూ. గడ్డి పైన మొలవదు గదా. నెల రోజులు పాపం దాన్ని తిరగేసి ఇబ్బంది పెట్టాను" అని, అప్పటికప్పుడు నిచ్చెన తీసుకెళ్ళి, తన చేతుల్తోనే తల కిందికి పెట్టి, నాలుగు తాళ్ళతో బిగించి కట్టాడు. నా జీవితంలో నేను గెలిచిన మొదటి వాదన అదే. ఇంటికి వెళ్ళేటప్పుడు సైకిల్ మీద చేతులు వదిలేసి తొక్కాను.

నాలుగు రోజులు చిరుత కదలలేదు. ఐదో రోజు నేను వెళ్ళేసరికి తోటలో ఎప్పుడూ వినని చప్పుడు. పెద్ద చెట్టు కింద నేలంతా కొరికి పారేసిన కాయలు. పక్కన ఇంకో రెండు చెట్లు అలాగే. నా మబ్బుచిరుత తోక చివర ఒక ముసలి కోతి, మంచం మీద పెద్దమనిషి కూర్చున్నట్టు కూర్చుని, కాయ చీకుతోంది. ఈల తాత పన్ను లేని నోటితో ఈల వేస్తున్నాడు. గాలి వస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. పెద్దమ్మ గట్టు మీద నిలబడి ఉంది. ఎవరి వంకా చూడడం లేదు. సాయంత్రం కండువా గారు బండి ఆపాడు. ఆ రోజు హాస్యం ఆడలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది. "అక్కయ్యగారూ, ఇంకా మూడు వారాలుందండీ కోతకి. మీరొక్కరూ మొయ్యలేరు. పూత మీద ఇస్తానన్నంత ఇవ్వలేను గానీ, రేపు మాట చెప్పండి, తీసేసుకుంటాను" అన్నాడు. పెద్దనాన్న పెద్దమ్మ వంక చూశాడు. తేడా వస్తే ఎత్తకూడదన్న మాట ఆ చూపులోనే ఉంది. "రేపు చెప్తాను తమ్ముడూ" అంది పెద్దమ్మ.

ఆయన వెళ్ళాక నేను మొదలుపెట్టాను. కోతులకి ఆకలి ఎక్కువైనప్పుడు భయం తగ్గుతుందని ఒక పుస్తకంలో చదివాను అన్నాను. రంగులు ఎండకి వెలిసి ఉండొచ్చు అన్నాను. పెద్దమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, "కాస్త నోరు మూసుకుని నేను చెప్పేది విను" అంది. "మీ ఇద్దరూ పోట్లాడుకున్నన్నాళ్ళు కోతి గట్టు దాటలేదు. మీరు రాజీ పడ్డారు, అవి దిగాయి. నీ పులి పైకి చూస్తే వాటికేంటి, కిందికి చూస్తే వాటికేంటి? పొద్దున ఇక్కడున్నది మధ్యాహ్నానికి అక్కడుంది, అందుకని అది బతికుందనుకున్నాయి. మంచం మీద నుంచి లేవని మనిషిని చూసి ఎవడు భయపడతాడురా?"

ఇంత లావు పుస్తకంలో లేని సంగతి, అక్షరం ముక్క రాని మనిషి గట్టు మీద నిలబడి చెబుతుంటే నాకు చెవులు వేడెక్కాయి. "అయితే తాతకి చెప్పి మళ్ళీ తిప్పమంటాను" అన్నాను.

"చెప్పకు."

"ఎందుకు?"

"పని అని చెప్తే రెండు రోజులు తిప్పుతాడు, మూడో రోజు రేపు తిప్పుదాంలే అనుకుంటాడు. ఎవడైనా అంతే. తప్పు దిద్దేవాడికి ఉన్న శ్రద్ధ పని చేసేవాడికి ఉండదు. నెల రోజులు ఒక్క పూట మానాడా? నువ్వు మానావా?" నిచ్చెన వైపు చూపించి, "నువ్వే తప్పుగా కట్టు. ఆయన దిద్దుతాడు" అంది. ఆవిడ గొంతులో ఎగతాళి లేదు. కావాలంటే చేస్తావు, లేకపోతే తోట రేపు కండువా గారిది, అంతే.

చాలా ఆలోచించాను అంటే అబద్ధం. కాయలు కొరికి పడి ఉన్న నేల వంక చూశాను, పెద్దమ్మ వంక చూశాను, నిచ్చెన తెచ్చుకున్నాను. వారం చదివి, తొమ్మిది రోజులు గీసి, నెల రోజులు వాదించి నిలబెట్టిన సత్యాన్ని నా చేతులతో నేనే తిరగేసి కట్టాను. చిరుత తల పైకి. చూడ్డానికి ఎంత అసహ్యంగా ఉందో!

మర్నాడు పొద్దున ఈల తాత దాన్ని సరిచేసేశాడు. మధ్యాహ్నం నేను తిప్పుతుంటే వచ్చి నిచ్చెన కింద నిలబడ్డాడు. "బాబూ, తల అటు కాదు గదా" అన్నాడు, చాలా మెల్లగా. "అవునా తాతా?" అన్నాను. "అవును బాబూ. మీరే గదా చెప్పారు. చీలమండలు తిరుగుతాయి. ఉడత దిగినట్టు దిగుద్ది. పుస్తకంలో గడ్డి కింద ఉంది." అన్నీ నా మాటలే, ఒక్కటి పొల్లుపోకుండా. "మర్చిపోయాను తాతా" అన్నాను.

ఆయన కళ్ళలో కనిపించిన జాలి నేను ఇంతవరకూ మరే మనిషి కళ్ళలోనూ చూడలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ కండువా గారితో తోట ఇవ్వనని చెప్పేసింది. నేను ఆ మర్నాడు మర్చిపోయాను. ఆ తర్వాతి రోజూ మర్చిపోయాను. ఈల తాత ఎప్పుడూ విసుక్కోలేదు. రోజూ మొదటి నుంచి చెప్పేవాడు. నాలుగో రోజున తలగుడ్డ కొంగున ముడి విప్పి గుప్పెడు సరస్వతాకు నా చేతిలో పెట్టాడు. "మతిమరుపుకి మంచిదంట, బోదె కాలవ గట్టున మొలుచుద్ది. పరగడుపున నమలాలి, మీరు మధ్యాహ్నం వస్తారు గాబట్టి ఇప్పుడు నమలండి. ఎక్కువ చదివితే ఇలా అవుద్దంట. మా మేనమామ కొడుక్కి ఇంతే." నమిలాను. కోత అయ్యేదాకా రోజూ నమిలాను. ఆ చేదు గురించి ఏ పుస్తకంలోనూ సరిగ్గా రాయలేదు. నాకు మతిమరుపని ఊళ్ళో కూడా పాకిపోయింది. దారిలో ఎదురైన ఆడవాళ్ళు ఆగి, "నేనెవర్నో గుర్తుపట్టావా నాయనా?" అని అడిగేవాళ్ళు. పెద్దనాన్న ఒకరోజు నా ఎదురుగా కూర్చుని, చుట్ట వెలిగించి, "నీ పేరేంటి?" అని అడిగాడు. ఆయన నవ్వుతున్నాడో లేదో పొగలో తెలియలేదు. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చేది. చెబితే తాత దిద్దడం మానేస్తాడు. మానేస్తే చిరుత కదలదు. రోజూ గట్టు దాకా వచ్చి కూర్చునే కోతుల గుంపుని చూసి, ఇంకో ఆకు నమిలేవాణ్ణి.

కోత రోజున కూలీలు వచ్చారు. చివర వల కట్టిన గడకర్రలతో ఒక్కో కాయా తొడిమ చెదరకుండా దింపుతుంటే పెద్దమ్మ గట్టు మీద నిలబడలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని చెట్ల మధ్యలోనే తిరిగింది. వరిగడ్డి పరిచిన వ్యానులో కాయలు సర్దించి, అది రోడ్డెక్కేదాకా చూసి, అప్పుడు మంచినీళ్ళు అడిగింది. కండువా గారు బండి దిగి వచ్చి, ఒక కాయ చేతిలోకి తీసుకుని వాసన చూసి, "వచ్చే ఏడు కూడా ఇవ్వరన్నమాట" అన్నాడు. "నీకు రెండు డజన్లు ఇంటికి పంపుతాలే తమ్ముడూ" అంది పెద్దమ్మ. ఆ తోట ఆ తర్వాత ఇంతవరకూ పూత మీద అమ్మలేదు.

ఇప్పుడు నాకు నలభైకి దగ్గర. చదవడం మానలేదు. కొత్త సంగతి ఏదైనా కంటపడితే ఎవరికైనా చెప్పడానికి ముందు ఒక నిమిషం ఆగుతాను. నిమిషం అయ్యాక చెప్పేస్తాను, అది వేరే విషయం. చేతులు వదిలేసి సైకిల్ తొక్కిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత పొగరు పోయినందుకు సంతోషమే గానీ, ఒక జంతువు చీలమండలు తిరుగుతాయని తెలిసినందుకు అంత సంబరపడడం మళ్ళీ నాకు చేతకాలేదు.

ఇక కృతజ్ఞతలు. పుస్తకం మీద నమ్మకంతో నా చేతికిచ్చిన లైబ్రరీ మేడమ్‌కి (మరక పడలేదు మేడమ్, మూడువందల పేజీల తర్వాత ఉన్నది పాతదే). కుంచె పట్టడం నేర్పిన బోర్డుల మాస్టారికి. ఎంత కోరికున్నా తోటని బలవంతంగా లాక్కోని కండువా గారికి. నా పేరు ఇప్పటికీ అప్పుడప్పుడు అడిగే పెద్దనాన్నకి. నాకు తెలిసిన చదువరుల్లో అందరికంటే బాగా చదవగలిగిన, అక్షరాలు రాని మా పెద్దమ్మకి. చివరగా ఈల తాతకి. ఆయన ఇప్పుడు తోటకి రావడం లేదు, అరుగు మీద కూర్చుంటాడు. ఎదురుపడితే నన్ను ఆపి, చెయ్యి పట్టుకుని, "బాబూ, దిగేటప్పుడు తల ఎటు?" అని అడుగుతాడు. "కిందికి తాతా" అంటాను. పక్కనున్నవాళ్ళ వంక తిరిగి, "చూశారా, బుర్రలో నిలబడింది" అంటాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఉండే సంతోషాన్ని చూసి చెబుతున్నాను, దయచేసి ఇది ఆయనకి ఎవరూ చదివి వినిపించకండి.